ఒకటో ప్రాంగణం ఇప్పటి కొలత

నగర విశ్వవిద్యాలయం ఒకటో ప్రాంగణం సోమవారం పొద్దున మళ్ళీ చిన్నదైంది. ఈసారి తగ్గింది పెద్దగా ఏమీ కాదు. ఆదివారం దాకా చీలమండకు తగిలే ప్రహరీగోడ ఇప్పుడు చెప్పు మందాన ఉంది. ఆర్ట్స్ కాలేజీ గుమ్మటం నడుము ఎత్తు నుంచి మోకాలి కిందికి దిగింది. బస్సుల్లో కిటికీ పక్కన కూర్చున్న ఒకరిద్దరు తలలు తిప్పి చూశారు. సిగ్నల్ పడగానే బస్సులు కదిలిపోయాయి. ఖాళీ అయిన జాగా చుట్టూ మధ్యాహ్నానికల్లా రేకులు పాతారు. పక్కనున్న వాణిజ్య సముదాయం రెండో విడత ఇక్కడ రాబోతోందని రేకుల మీద బొమ్మతో సహా రాసి ఉంది. బొమ్మలో ఒక కుటుంబం నవ్వుతూ ఐస్‌క్రీమ్ తింటోంది.

నగరంలో జట్కాబళ్ళు తిరిగే కాలంలో, ఊరికి అవతల మూడు వందల ఎకరాల గుట్టనేల చదును చేసి ఈ విశ్వవిద్యాలయాన్ని కట్టారు. గుట్ట రాయే గోడలైంది. తర్వాత ఊరు పెరుగుతూ పెరుగుతూ వచ్చి దాని చుట్టూ కూర్చుంది. కూర్చున్న ఊరికి చోటు కావలసి వచ్చింది. మొదట బస్సు డిపో కోసం ఒక మూల అడిగారు. విద్యార్థులు ధర్నాకు కూర్చున్నారు. భూమిని కోయనివ్వం అన్నారు. అప్పుడున్న ఉపకులపతి గణితం చదివినవాడు. కోయడం ఎందుకు, మొత్తాన్ని కాస్త తగ్గిస్తే సరిపోతుంది కదా అన్నాడు. దానికి ‘సమానుపాత సంకోచం’ అని పేరు పెట్టి పాలకమండలిలో తీర్మానం చేయించాడు. ఆ విధంగా ఒక్క చెట్టు కొట్టకుండా, ఒక్క గోడ కూల్చకుండా బస్సు డిపోకు చోటు దొరికింది. ఏమీ పోలేదు కాబట్టి దేనికోసం నినాదం ఇవ్వాలో తెలియక విద్యార్థులు సాయంత్రానికి లేచి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఎగ్జిబిషన్ మైదానం వచ్చింది. ఫ్లైఓవర్ వచ్చింది. ప్రజాప్రతినిధుల కాలనీ, దాని పక్కన ఆ కాలనీవాళ్ళ ఫంక్షన్ హాలు వచ్చాయి. ప్రతిసారీ విశ్వవిద్యాలయం ఒక పత్రికా ప్రకటన ఇచ్చేది: ఒక్క ఇటుక కూడా తగ్గలేదు. అది నిజమే. లెక్కపెట్టుకోదలచినవాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. నాణ్యత చూడడానికి వచ్చిన కమిటీ, ఎకరానికి ఇన్ని భవనాలున్న విద్యాసంస్థ దేశంలో మరొకటి లేదని రాసి పై శ్రేణి ఇచ్చి వెళ్ళింది.

మిగతా ప్రాంగణాల పరిస్థితి కూడా మెరుగ్గానే ఉంది. రింగురోడ్డు అవతల ఉన్న రెండో ప్రాంగణం ఒక శంకుస్థాపన రాయి. అక్కడికి బదిలీ అయినవాళ్ళు రోజూ రాయి చుట్టూ నిలబడి, సాయంత్రం అయిదింటికి తిరిగి వస్తారు. మూడో ప్రాంగణం ఒక వాట్సాప్ గ్రూపు. దానికి పండుగ సెలవులు కూడా ఉన్నాయి.

ఉద్యోగులతో మొదట కొంత ఇబ్బంది అయింది. భవనాలు చిన్నవవుతుంటే మనుషులు అంతే ఉండడంతో తలలు గుమ్మాలకు కొట్టుకునేవి. సర్వీసు నిబంధనలు సవరించి, శాశ్వత ఉద్యోగులకు ‘పరిమాణ సౌకర్యం’ కల్పించారు. అంగీకారపత్రం మీద సంతకం పెట్టిన ఉద్యోగి ప్రాంగణంతో పాటే తగ్గుతాడు. పదవీ విరమణ చేసి, పెన్షన్ మంజూరయ్యాక మళ్ళీ పాత కొలతకు వస్తాడు. ఇప్పుడు లోపల పనిచేసేవాళ్ళు చిటికెనవేలి కొసంత ఉంటారు. వాళ్ళ మాటలు బయటికి వినిపించడానికి పరిపాలనా భవనంలో మైకు, బయట కరెంటు స్తంభానికి లౌడ్‌స్పీకరు పెట్టారు. విద్యార్థులు ఎలాగూ రెండేళ్ళలో వెళ్ళిపోతారు కాబట్టి వాళ్ళకు ఈ సౌకర్యం లేదు. కాంట్రాక్టు అధ్యాపకులకూ లేదు. శాశ్వత ఉద్యోగులకిచ్చే వసతిని తాత్కాలిక ఉద్యోగులకు ఇస్తే రేపు అన్నీ అడుగుతారని ఆర్థిక శాఖ రాసింది. అందువల్ల కాంట్రాక్టువాళ్ళు, విద్యార్థులు గోడకు ఇవతల ఫుట్‌పాత్ మీద తరగతులు జరుపుకుంటారు.

చిలువేరు సుభాషిణి అలా ఫుట్‌పాత్ మీద చరిత్ర చెప్పే అధ్యాపకురాలు. మగ్గాల వీధి నుంచి చదువుకోవడానికి ఈ ప్రాంగణంలోకి వచ్చిన మొదటి ఆడపిల్ల. ఇక్కడే ఎమ్మే, ఇక్కడే డాక్టరేటు. అప్పట్లో గోడ ఆమె తలకంటే ఎత్తుగా ఉండేది. కాంట్రాక్టులో చేరినప్పుడు భుజం దాకా ఉంది. ఏటా కాంట్రాక్టు పొడిగిస్తూ వచ్చారు, ఏటా గోడ దిగుతూ వచ్చింది, ఆమె జుట్టు మాత్రం తెల్లబడుతూ వచ్చింది. ఆమె భర్త కనకయ్య సిటీ బస్సు కండక్టరు. ఆయన బస్సు ఆ రోడ్డు మీదే తిరుగుతుంది. తరగతి జరుగుతుంటే స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా ఆయన ఫుట్‌బోర్డు మీంచి పాఠం ఒక ముక్క విని వెళ్ళేవాడు. కాకతీయుల చెరువుల గురించి ఆయనకు చాలానే తెలుసు. శాతవాహనుల దగ్గర మాత్రం ప్రతిసారీ గ్రీన్ సిగ్నల్ పడేది.

ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఒక్కతే మిగిలింది. పేరు గుగులోతు స్వరూప. విశ్వవిద్యాలయం రాకముందు ఈ గుట్టమీద ఉన్న తండా చరిత్ర మీద ఆమె థీసిస్. తండా స్వరూప వాళ్ళదే. థీసిస్ సమర్పించి మూడేళ్ళయింది. మౌఖిక పరీక్ష జరగలేదు. అది జరిగితే తప్ప పట్టా రాదు, థీసిస్ గ్రంథాలయంలోకి చేరదు. గ్రంథాలయంలో లేనిది జరగనట్టే లెక్క అని సుభాషిణి పాఠం మొదటి రోజే పిల్లలకు చెబుతుంది.

సోమవారం సంకోచం అయిన మర్నాడు ఆమె రిజిస్ట్రారును కలవడానికి వెళ్ళింది. వెళ్ళడమంటే ఫుట్‌పాత్ మీద న్యూస్‌పేపరు పరిచి, బోర్లా పడుకుని, పరిపాలనా భవనం కిటికీకి ఎదురుగా ముఖం పెట్టడం. రిజిస్ట్రారు ఆచార్య మురహరిరావు కుర్చీలోంచి లేచి మైకు అందుకున్నాడు.

“మేడం, జర పక్కకు జరుగుండ్రి. మీ నీడ బిల్డింగు మీద పడుతున్నది. ఫైళ్ళు కనిపిస్తలేవు.”

సుభాషిణి జరిగింది. “సార్, స్వరూప వైవా సంగతి.”

“తెలుసు. ఫైలు నా దగ్గరనే ఉన్నది. రూలేందంటే, వైవా ప్రాంగణం లోపల జరగాలె. అభ్యర్థి లోపల ఉండాలె. గైడు లోపల ఉండాలె. బయటి నుంచి వచ్చే పరీక్షకుడు కూడా లోపలనే ఉండాలె.”

“విద్యార్థులకు కొలత తగ్గించరు కద సార్. మరి లోపలికి ఎట్ల వస్తది?”

“రాదు. అందుకే ఫైలు నా దగ్గరనే ఉన్నది.”

ఆయన గొంతులో వెటకారం లేదు. ఉన్న సంగతి చెప్పాడు. మరో సంగతి కూడా చెప్పాడు. వచ్చే నెల ఒకటో తారీఖున చివరి సంకోచం ఉంది. ప్రాంగణం ఒక టీపాయంత అవుతుంది. దాన్ని అలాగే ఎత్తి వాణిజ్య సముదాయం లాబీలో అద్దాల పెట్టెలో పెడతారు. వానకు తడవదు, ఎండకు వాడదు, ఏసీ ఉంటుంది. వారసత్వ హోదా కూడా ఇస్తున్నారు. పెట్టెకు బయట ఫుట్‌పాత్ ఉండదు కాబట్టి కాంట్రాక్టువాళ్ళను శాశ్వతం చేసి లోపలికి తీసుకోవాలని ఉపకులపతి నిర్ణయించాడు.

“మీవోళ్ళందరు సంతకాలు పెట్టిన్రు. మీరొక్కరే మిగిలిన్రు మేడం. చరిత్ర శాఖల పోస్టు ఖాళీగనే ఉన్నది. ఇన్నేండ్ల సంది అడిగింది ఇదే కద?”

ఇదే. ఎన్ని వినతిపత్రాలు, ఎన్ని ధర్నాలు! ఆయన కిటికీలోంచి చాపిన అంగీకారపత్రం ఆమె చూపుడువేలి గోరు మీద పట్టేంత ఉంది. ఆమె దాన్ని తీసుకుని పర్సులో వేసుకుంది. “ఆలోచిస్త సార్. ముందు మా పిల్ల వైవా కావాలె” అంది.

ఇంటికి వెళ్ళి విశ్వవిద్యాలయ చట్టం తీసి చదివింది. అందులో ప్రాంగణానికి నిర్వచనం ఉంది: ప్రహరీగోడ లోపలి నేల, ఆ నేల మీది ఆకాశం. సుభాషిణి ఆ వాక్యం కింద గీత గీయలేదు, కేక వేయలేదు. లేచి కనకయ్యకు టీ పెట్టి, తనూ తాగి, మర్నాడు పొద్దున మళ్ళీ న్యూస్‌పేపరు పరుచుకుంది.

“సార్, క్రికెట్ గ్రౌండుల స్వరూప రెండు పాదాలు పెడుతది. నేల లోపలిదే. పాదాల మీద మిగిలిన మనిషి ఆకాశంల ఉంటది. ఆకాశం గుడ లోపలిదే. నేను హాకీ గ్రౌండుల నిలబడుత.”

 మురహరిరావు చట్టం తెప్పించి చూశాడు. ఎస్టేట్ ఆఫీసరును పిలిపించాడు. పాదం ఏ పద్దు కింద వస్తుందో తేల్చడానికి వారం పట్టింది. చివరికి అది తాత్కాలిక నిర్మాణం, అంటే షామియానా లాంటిదని తేల్చారు. షరతులు పెట్టారు. చెప్పులు ఉండకూడదు. వేళ్ళు కదపకూడదు. అనుమతి గడువు పూర్తయ్యాక గడ్డి యథాస్థితిలో అప్పగించాలి. సుభాషిణి అన్నిటికీ ఒప్పుకుంది.

బయటి పరీక్షకుడు కోస్తా జిల్లాల నుంచి వచ్చాడు. ఆచార్య తంగిరాల సోమయాజులు. వాళ్ళ విశ్వవిద్యాలయం కూడా తగ్గిందే కానీ ఇంత కాదు. ఆయన జానెడు మనిషి. కనకయ్య బస్సులోనే దిగాడు. కనకయ్య ఆయనకు ముందు సీట్లో దిండు వేసి, ఎంత ఆలోచించినా వేరే పద్దు దొరక్క హాఫ్ టికెట్ కొట్టాడు.

“మా దగ్గర తగ్గింది పదో వంతుకేనండీ. ఇంకా మంచి రోజుల్లోనే ఉన్నాం” అన్నాడు సోమయాజులు, గోడ దాటి లోపలికి అడుగు పెడుతూ. ఆయన లోపలి గదుల్లో పట్టలేదు. సెనేట్ హాలు తలుపులోంచి ఆయన చెయ్యి మాత్రమే వెళ్ళింది. లోపలున్నవాళ్ళు ఆ చేతికే పూలగుచ్ఛం ఇచ్చి స్వాగతం పలికారు. తర్వాత ఆయన గ్రంథాలయం డాబా మీద కూర్చుని, కళ్ళజోడు సవరించుకున్నాడు.

స్వరూప చెప్పులు విప్పి, పాదాలు కడుక్కుని, క్రికెట్ గ్రౌండులో నిలబడింది. ఆమె తల ట్రాఫిక్ పొగలో ఉంది. పక్కన హాకీ గ్రౌండులో సుభాషిణి. వరండాల్లోకి, మేడల మీదికి ఉద్యోగులంతా వచ్చి నిలబడ్డారు. చాలాకాలానికి ప్రాంగణంలో విద్యార్థి కనబడడం వాళ్ళకు పండుగలా ఉంది. కొందరు స్వరూప మోకాళ్ళ దాకా చూసి మెడలు నొప్పెట్టి ఆపేశారు.

ప్రశ్నలు గంటసేపు సాగాయి. స్వరూప తడబడలేదు. సుభాషిణి మధ్యలో ఒక్కమాట కూడా అందించలేదు. చివరికి సోమయాజులు నాలుగో అధ్యాయం తీశాడు.

“అమ్మాయ్, ఇక్కడ ‘ఆక్రమణ’ అన్నావు. భూమి తీసుకున్నప్పుడు తండావాళ్ళని వెళ్ళగొట్టినట్టు రికార్డుల్లో ఎక్కడా లేదని నువ్వే రాశావు. వెళ్ళగొట్టకుండా ఆక్రమణ ఎలా అవుతుందమ్మా?”

“ఎల్లగొట్టలేదు సార్. అది నిజమే” అంది స్వరూప. “హాస్టల్ కట్టేటప్పుడు మీ గుడిసెలు జర దగ్గర దగ్గర ఏసుకోండ్రి అన్నరట. ఏసుకున్నరు. గ్రౌండు చేసేటప్పుడు ఇంక జర అన్నరు. పశువుల్ని అమ్ముకుని చోటు చేసుకున్నరు. గోడ కట్టినాక గోడపొంటి ఒక్క వరుస మిగిలింది. నేను పుట్టేసరికి మాకు ఒక్క అర్ర. పది మందిమి. మా తాత కాళ్ళు ముడుసుకుని పండేటోడు. ఏండ్లకేండ్లు అట్లనే పండిండు. సచ్చిపోయినాక సాపుదామని సూస్తే కాళ్ళు సాగలే సార్. ముడుసుకున్న మనిషిని అట్లనే మోసుకపోయిన్రు.”

రోడ్డు మీద ఒక ఆటో హారన్ కొట్టి వెళ్ళింది.

“ఎల్లగొట్టుడు ఒక్కటే ఆక్రమణ కాదు సార్. మనిషిని చిన్నగ చేసుడు గుడ ఆక్రమణే. నేను రాసింది అదే.”

 కామర్స్ విభాగం వైపు నుంచి ఒకరు చప్పట్లు కొట్టారు. ఆ కొలతలో అది చీమ నడిచినంత చప్పుడు. మైకు దగ్గర్లో ఉండడంతో రోడ్డంతా వినిపించింది. కొట్టిన మనిషి వెంటనే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

సోమయాజులు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. “నాకు పూర్తి సమ్మతమండీ. పట్టా ఇవ్వండి” అన్నాడు.

మురహరిరావు మైకు అందుకున్నాడు. “సంతోషం. ఒక్క చిన్న సవరణ. ‘ఆక్రమణ’ తీసి ‘సర్దుబాటు’ అని పెడితే సరిపోతది. ఒకటో తారీఖు నాడు మంత్రిగారొస్తున్నరు. లాబీల ప్రారంభోత్సవం ఉన్నది.”

“పెట్టను సార్” అంది స్వరూప.

“పెట్టకపోతే థీసిస్ లోపలికి పోదమ్మా. పట్టా రాదు. మొదటికొస్తది.”

స్వరూప పాదాల వైపు చూసుకుంది. వేళ్ళు కదపకూడదన్న షరతు గుర్తొచ్చినట్టుంది, అలాగే బిగబట్టి నిలబడింది. ఆమె గడ్డం వణకడం సుభాషిణికి మాత్రమే కనిపించింది. ఆ ఎత్తులో ఉన్నది వాళ్ళిద్దరే.

“సార్,” అంది సుభాషిణి, “సవరణ కావాల్నా వద్దా అని రాయవలసింది ఎవరు?”

“శాఖల ఉన్న శాశ్వత అధ్యాపకుడు.”

“చరిత్ర శాఖల ఎవరున్నరు?”

“ఎవరు లేరు. అందుకే నేను చెప్తున్న.”

“శాశ్వత అధ్యాపకుడుంటే?”

“ఆయన సంతకమే ఫైనల్. నేను కాదన్నా నడుస్తది. రూలు.”

సుభాషిణి పర్సు తెరిచి, మడతల్లోంచి ఆ కాగితం తీసింది. “రెండు నిమిషాలు టైమియ్యుండ్రి” అని హాకీ గ్రౌండులోంచి జాగ్రత్తగా బయటికి అడుగు వేసి, బస్‌స్టాపు వైపు నడిచింది.

కనకయ్య బస్సు ఆగి ఉంది. డ్రైవరు ఇంజన్ ఆపి చూస్తున్నాడు. కనకయ్యకు చెప్పవలసిందేమీ లేకపోయింది. లౌడ్‌స్పీకర్లో అంతా విన్నాడు.

“ఎప్పటిదాక?” అన్నాడు.

“రిటైరయ్యేదాక. ఎనిమిదేండ్లు.”

“తిండో?”

“లోపల మెస్సు ఉన్నది. క్వార్టరిస్తరు.”

ఆయన టికెట్ల మిషన్ పట్టీని భుజం మీద సవరించుకున్నాడు. బస్సులో ఎవరో టైమవుతోందని అన్నారు. ఆయన వినిపించుకోలేదు. “నీ బీపీ గోలీలు గుడ చిన్నగయితయా?” అన్నాడు.

“చేతుల ఉన్నదంతా అయితదట.”

“అయితే ఎక్కువ పట్టుకపో.” రోడ్డు వైపు చూసి, “దినాం ఈ రూట్లనే తిరుగుత కద. ఇక్కడ ఆపుత” అన్నాడు.

“స్టాపు తీసేస్తరంట.”

“తీసేస్తే స్లో చేపిస్త.”

ఆమె ఆయన ముంజేతి మీద ఒకసారి చెయ్యి వేసి తీసి, గోడ దగ్గరికి తిరిగి వచ్చింది. సంతకం పెట్టడానికి గుండుసూది ఇంకులో ముంచవలసి వచ్చింది. క్రికెట్ గ్రౌండులోంచి స్వరూప వద్దని తల ఊపుతోంది. “మేడం, నాకోసం వద్దు. నేను మళ్ళీ రాస్త. పదం మారుస్త.”

“నువ్వు మార్చినవంటే నిన్ను నేనే ఫెయిల్ చేస్త” అంది సుభాషిణి. “నేను చిన్నగయితే ఎనిమిదేండ్లకు మళ్ళ పెద్దగయిత. ఆ పదం చిన్నగయితే మళ్ళ పెరుగదు. థీసిస్ ఇటియ్యి.”

థీసిస్‌ను గుండెలకు ఆనించుకుని, మందుల షాపులో అప్పటికప్పుడు కొన్న మాత్రల సంచి మోచేతికి తగిలించుకుని, ప్రధాన ద్వారం ముందున్న తెల్లగీత మీద నిలబడింది. నొప్పి లేదు. కొత్త నేతచీరను మొదటిసారి ఉతికినప్పుడు నూలు దగ్గరపడినట్టు ఒళ్ళంతా దగ్గరపడింది. రోడ్డు మీది చప్పుళ్ళు ముందు పెద్దవై, తర్వాత మరీ పెద్దవై, చివరికి చప్పుళ్ళు కాకుండా పోయాయి.

కళ్ళు తెరిచేసరికి ఆమె ఎదుట ఆర్ట్స్ కాలేజీ ఉంది. ఆమె మొదటిసారి నాన్న చెయ్యి పట్టుకుని చూసినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది. తల ఎత్తితే గుమ్మటం మీద పావురాలు లేవు, అవి ఈ కొలతకు రాలేదు. మెట్లు మాత్రం ఎక్కేకొద్దీ మోకాళ్ళు పట్టేశాయి, అప్పటిలాగే. వేపచెట్ల నీడ చల్లగా ఉంది. సుభాషిణికి ఏడుపు వచ్చింది. ఇంత పెద్దది, ఇంత అందమైనది ఇన్నేళ్ళూ తన కాలి కింద ఉందా అనిపించింది. ఆ అనుకోవడంలో ఏదో తేడా ఉందని కూడా అనిపించింది. దాని గురించి తర్వాత ఆలోచించవచ్చనుకుని గ్రంథాలయం వైపు నడిచింది.

దారిలో ఎవరూ ఆమెను ఆపలేదు. కొందరు నమస్కారం పెట్టారు. శాశ్వత ఉద్యోగికి పెట్టే నమస్కారం వేరుగా ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. గ్రంథాలయం బల్ల మీద థీసిస్ పెట్టి, మొదటి పేజీలో ‘సవరణ అవసరం లేదు’ అని రాసి సంతకం చేసింది. గ్రంథపాలకుడు ముద్ర వేసి, చరిత్ర అరలో పెట్టాడు. పెట్టాక ఆమె అరను ఒకసారి చేత్తో తడిమింది. ఈ వార్త మైకులో చెప్పవలసిన బాధ్యత రిజిస్ట్రారుదే కాబట్టి మురహరిరావే చెప్పాడు. “గుగులోతు స్వరూప డాక్టరేటుకు అర్హురాలు. థీసిస్ యథాతథంగా స్వీకరించబడింది.” ఆయన గొంతులో కోపం లేదు. మంత్రిగారు ఎలాగూ నాలుగో అధ్యాయం దాకా చదవరని ఎవరో ఆయనకు గుర్తుచేశారు.

బయట రెండు స్తంభాల్లాంటి పాదాలు క్రికెట్ గ్రౌండులోంచి ఒక్కొక్కటిగా లేచాయి. గడ్డి కాస్త నలిగింది. ఎస్టేట్ ఆఫీసరు కొలిచి చూసి, పర్వాలేదని రాశాడు.

ఒకటో తారీఖున ప్రాంగణం టీపాయంత అయింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. అద్దాల పెట్టె లాబీలో, ఎస్కలేటరుకు పక్కన, చెప్పుల దుకాణానికి ఎదురుగా ఉంది. వచ్చినవాళ్ళు దాని ముందు సెల్ఫీలు దిగుతారు. కొందరు పిల్లలకు చూపించి, మేం చదువుకున్నది ఇక్కడేనని చెబుతారు. పిల్లలు అద్దం మీద వేళ్ళు ఆనిస్తారు.

లోపల సుభాషిణి ఉద్యోగం సవ్యంగా సాగుతోంది. చెప్పడానికి విద్యార్థులు లేరు కానీ టైంటేబుల్ ఉంది. మొదటి సర్వసభ్య సమావేశంలో ఉపకులపతి మాట్లాడుతూ, ఇన్ని ఆటుపోట్లలో కూడా మనం పోగొట్టుకున్నది ఏమీ లేదన్నాడు. సుభాషిణి తల ఊపింది. ఊపాక ఎందుకు ఊపానా అని చుట్టూ చూసింది. కిటికీలోంచి మెట్లు, చెట్లు, గుమ్మటం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అక్కణ్ణుంచి చూస్తే ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. ఆ రోజు నుంచి ఆమె ప్రతి ఉదయం గ్రంథాలయానికి వెళ్ళి, నాలుగో అధ్యాయం తీసి, ఆ పదం ఉందో లేదో చూసుకుని వస్తుంది. ఇప్పటిదాకా ఉంది.

కనకయ్య వారానికో రోజు సెలవు పెట్టుకుని లాబీకి వస్తాడు. భూతద్దం తెచ్చుకుంటాడు. గ్రంథాలయం మెట్ల మీద ఒక చుక్క కనిపిస్తుంది. అది సుభాషిణేనని ఆయన నమ్మకం. దాంతో మాట్లాడితే సెక్యూరిటీవాళ్ళు ఏమంటారోనని ఊరికే నిలబడి, టైమయ్యాక వెళ్ళిపోతాడు.

సుభాషిణి ఖాళీ చేసిన కాంట్రాక్టు పోస్టులో డాక్టర్ స్వరూపను తీసుకున్నారు. బయట ఫుట్‌పాత్ లేదు కాబట్టి ఆమె తరగతి లాబీలోనే జరుగుతుంది, పెట్టె పక్కన. పిల్లలు ఇరవైమంది దాకా వస్తున్నారు. ఆమె తండా నుంచి మొదలుపెట్టింది. మొదటి వారం సెక్యూరిటీ సూపర్‌వైజరు వచ్చి, కస్టమర్లకు అడ్డమవుతోంది, కూర్చోవద్దు, నిలబడి చెప్పుకొమ్మన్నాడు. నిలబడ్డారు. రెండో వారం వచ్చి, మనిషికి రెండు టైల్స్ ఎక్కువ, ఒక్కటి చాలు అన్నాడు. స్వరూప మేనేజరు దగ్గరికి వెళ్ళి గట్టిగా పోట్లాడింది. తరగతి పూర్తిగా ఆపిస్తామన్నారు. ఆమె తిరిగి వచ్చి, పిల్లల ముఖాలు చూసి, పుస్తకం తెరిచింది.

“ఏమైనా కానియ్యి. పాఠం ఆగొద్దు” అంది.

పిల్లలు పాదాలు దగ్గరగా పెట్టుకున్నారు. తర్వాతి వారం ఆ టైలు కూడా సగానికి చేశారు. ఇప్పుడు వాళ్ళు ఒంటికాలి మీద నిలబడి నోట్సు రాసుకుంటున్నారు. మొదట్లో కొందరు తూలేవారు. ఇప్పుడు ఎవరూ తూలడం లేదు, చేతిరాత కూడా బాగానే వస్తోంది.